పాత స్టేషన్ గోడకు కామమ్మ సున్నం

పాలరేవు స్టేషన్‌లో కామమ్మ నోటికి భయపడని మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆవిడే కామమ్మ అత్త అంకాలమ్మ.

కొత్త కోడలిగా చేపల గంప నెత్తిన పెట్టుకుని మొదటిసారి స్టేషన్‌కు వచ్చిన రోజు, ప్యాసింజరు ఆలస్యమని విని కామమ్మ ప్లాట్‌ఫారం మీదే చతికిలబడబోయింది.

"యాడబడితే ఆడ కూలబడమాక మేయ్! మనకో గోడ ఉండాది," అంటూ అత్త ఆమెను వెయిటింగ్ హాల్లోకి లాక్కుపోయి తన పక్కన కూర్చోబెట్టింది.

ఆ గోడ దగ్గర చేపలమ్మే ఆడవాళ్లలో ఎవరి చోటు వాళ్లది. అత్త చోటు కోడలికి, తల్లి చోటు కూతురికి. కొబ్బరినూనె దట్టించిన కొప్పులు ఏళ్ల తరబడి ఆని ఆని, గోడ మీద చోటుకొక నల్లటి మచ్చ పడింది. అంకాలమ్మ పోయాక ఆమె చోటు, ఆమె మచ్చ, ఆమె నోరు మూడూ కామమ్మకే వచ్చాయి. మూడోదాన్ని ఇంకా పదును పెట్టుకుంది.

దొరల కాలంలో ఉప్పు మూటలు ఎక్కించడానికి కట్టిన స్టేషన్ అది. ఊరి పక్క సరస్సులో ఏరిన గుల్లలు కాల్చి, ఆ సున్నంతో లేపిన గోడలు. దొరలు పోయారు, ఉప్పు లారీలెక్కింది, చేపల గంపలు మిగిలాయి. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడల్లా కిటికీ రెక్కలు గడగడలాడతాయిగానీ గోడ పిసరంత కూడా బీటలు వారలేదు. ఆ గొప్పంతా తనదే అన్నట్టు చెప్పుకునేది కామమ్మ.

ఈ మధ్య పక్కనే కొత్త స్టేషన్ లేచింది. అద్దాల తలుపులు, ఇనప కుర్చీలు. కుర్చీకీ కుర్చీకీ నడుమ గంప పట్టదు. లోపలికి అడుగుపెడితే చాలు, సెంటు పూసుకున్న వాళ్లంతా ముక్కులు మూసుకుంటారు.

"పాత బిల్డింగు చూసేదానికి రేపు ఆఫీసరమ్మ వస్తా ఉంది కామమ్మా," అన్నాడు స్టేషన్ మాస్టరు విజయభాస్కర్. "బాగుందనుకుంటే ఉంచుతారు. లేదంటే పడగొట్టేస్తారు."

కామమ్మ గోడవైపు తిరిగి చూసింది. అన్నేళ్లూ దానికి వీపు ఆనించిందే తప్ప ఎదురుగా నిలబడి చూసింది లేదు. అదేమి జిడ్డు! అదేమి నలుపు! ఇది చూసి ఎవరుంచుతారు?

వెంటనే సున్నాలు వేసే షఫీక్‌ను పిలిపించింది.

"నూనె మరక సున్నానికి ఆగదు కామక్కా. మళ్లా పైకొస్తాది," అన్నాడు షఫీక్.

"నీ చెయ్యి పడితే ఇంకా తొందరగా వస్తాదిలే. పుయ్యరా ముందు!"

షఫీక్ పూశాడు. మాస్టరు చూసీ చూడనట్టు పక్కకు తిరిగాడు. సాయంత్రానికి గోడ పాలలా మెరిసింది. కామమ్మ విర్రవీగుతూ ఇంటికి పోయింది.

తెల్లారి వచ్చి చూస్తే వరసగా పసుపుపచ్చని మచ్చలు! ఒక్కటీ తప్పిపోలేదు. అప్పటికే ఆఫీసరు అబిగయీలు జీపు దిగుతోంది.

"కూచోండి మేయ్, ఎవురి మచ్చ వాళ్లు మూసేయండి!" అంది కామమ్మ. అందరూ గోడకు అతుక్కున్నారు.

"కొంచెం లేస్తారా అమ్మా? గోడ చూడాలి," అంది అబిగయీలు.

"రైలొచ్చిందాకా లేవం. మోకాళ్ల నొప్పులు."

"అందరికీనా?"

"ఒకే సరస్సు గాలి గదా తల్లా!"

ఇంతలో పాడు రైలు, ఎన్నడూ లేనిది, వేళకే వచ్చింది. ఎండలో చేపలు ఆగవు. "పోండి పోండి, నా గంప కూడా ఎక్కించుకోండి," అని అందరినీ తరిమి కామమ్మ మాత్రం తన మచ్చకు తల ఆనించి కూర్చుంది. మిగతావన్నీ బయటపడ్డాయి.

"ఇవేంటమ్మా?"

"గోడకు సర్పి లేచింది," అంది తడుముకోకుండా.

అబిగయీలు నవ్వి ఒక మచ్చ మీద వేలు పెట్టింది. అది కామమ్మ పక్కన కూర్చునే రోజాది. చెప్పకూడదనుకుంటూనే కామమ్మ నోరు ఆగలేదు. రోజాది, అంతకుముందు రోజా అమ్మది అంటూ ఒక్కొక్కటీ ఎవరిదో చెప్పేసింది.

"మరి సున్నం ఎందుకు కొట్టించారు?"

"పెళ్లిచూపులకు పిల్లను మసిమొహంతో కూచోబెడతామా?"

"మసే బాగుంది. బిల్డింగు ఉంచమని రాస్తాను. మచ్చలు చెడకుండా ముందర గొలుసు కట్టిస్తాం. మీకు అటుపక్క కుర్చీలు."

కామమ్మ చివాలున లేచింది. "మేం ఆనుకోనప్పుడు అవెందుకు తల్లా? చచ్చినోళ్ల ఫొటోల మాదిరి దండలేసేదానికా? అయితే పడగొట్టుకోండి!"

అనేశాక ఆమెకే భయమేసింది. అబిగయీలు చెప్పులు విడిచి రోజా చోటులో కూర్చుని తల వెనక్కి వాల్చింది.

"చల్లగా ఉందే!" అంది.

"ఉండక? కొత్తదాంట్లో ఫ్యాను తిరిగినా ఉండదు."

వేసవి రాకముందే కాగితాలొచ్చాయి. బిల్డింగు ఉంటుంది, గొలుసు ఉండదు. తలుపు మీద బోర్డు కొట్టించారు. కామమ్మ దాన్ని మాస్టరు చేత చదివించింది.

"చేపలమ్మే మహిళలు కూర్చునే చోటు. ఇతరులు దయచేసి వారికి చోటివ్వగలరు."

"దయచేసి ఏంది సారూ, మేమేమన్నా అడుక్కుంటా ఉండామా? కూచున్నోళ్లను లేవమని రాయి!" అంటూ ఆమె గంప దించింది.