రెండేళ్ల టైఫాయిడ్

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండీ! పక్క ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరు! ఆ సంతోషంలో లడ్లపొట్లం పట్టుకుని, ముందు మా వదినగారికి చెప్పాలని పరుగెత్తాను. ఆవిడ వాకిట్లో జనం. అప్పుడే ప్రాణం పోయిందట. నా మొహాన నవ్వు ఇంకా అలాగే ఉంది. పొట్లం కండువా కింద దాచుకుని నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

దాచడం నాకు కొత్త కాదు. డిగ్రీ చదువుతుండగా అమ్మాయికి మనసు చెదిరింది. నిద్ర లేదు, తనలో తనే మాటలు. ఎవరడిగినా టైఫాయిడ్ అనేవాణ్ణి. ఒకనాడు వదినగారు మా అరుగు మీద కూర్చుని, "ఏమయ్యా మరిదీ, రెండేళ్ల టైఫాయిడ్ ఏ దేశంలో ఉందయ్యా?" అని కడిగేశారు. పిల్లను గుంటూరు డాక్టరుకు చూపించిందీ, దగ్గరుండి మాత్రలు మింగించిందీ ఆవిడే. మిరపకళ్లంలో పక్కన కూర్చోబెట్టుకుని కాయలు ఏరిస్తూ, రంగు తేలిపోయిన కాయను చూపించి, "తాలుకాయైనా కారం కారమేనమ్మా" అనేవారు.

అప్పుడే అద్దంకిలో ఒక సినిమా ఆడింది. మనసు బాగోలేని కుర్రకారు కథ. "పిల్ల చూడాలి, నువ్వూ రా" అన్నారు వదినగారు. ముగ్గురం వెళ్లేసరికి లైట్లు ఆర్పేశారు. వెనక వరసలో మా సింగరాయకొండ బావ కనిపించాడు. వాళ్లిద్దరినీ ముందుకు పంపేసి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఒక్కడివే వచ్చావా?"

"ఒక్కణ్ణే బావా."

తెర మీద ఒక పిల్ల మాత్రలు విసిరికొట్టింది. "పిచ్చిది రోయ్!" అని ఎవడో ఈల వేశాడు.

"ఎవడ్రా అది? నీకు జ్వరమొస్తే మీ అమ్మ మందు పొయ్యలేదూ?" ముందునుంచి వదినగారి గొంతు. హాలంతా గప్‌చుప్.

"ఎవరో గట్టి మనిషే!" అన్నాడు బావ. నేను తల వంచుకున్నాను.

బయటికొచ్చాక అమ్మాయి, "పెద్దమ్మా, ఆ పిల్ల అచ్చం నాలాగే" అంటూ ఎన్నాళ్లకో నవ్వింది. వెంటనే, "నాన్నా, నువ్వెక్కడ కూర్చున్నావు?" అంది.

వదినగారు నా వంక ఒక్కసారి చూసి, "మీ నాన్నకి దగ్గర్నించి బొమ్మ ఆనదే" అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

మొన్న ఆ వాకిట్లో అమ్మాయి వచ్చి, నా కండువా కిందనుంచి పొట్లం తీసి, పెద్దమ్మ తల పక్కన విప్పి పెట్టింది.

ఇక చెప్పాల్సినవాళ్లు చాలామంది. గుంటూరులో అక్క, చీరాలలో తోడల్లుడు, ఒంగోలులో బావమరిది. ఉద్యోగం సంగతీ, వదినగారి సంగతీ, అది టైఫాయిడ్ కాదన్న సంగతీ. సింగరాయకొండ బావకు మటుకు నేనే వెళ్లి చెప్పాలి. ఆ రోజు సినిమాకు ముగ్గురం వచ్చామని.