సగం పేజీ ఖాళీ

మా స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీ శ్యాంసుందర్ సారుది. కోరుట్లలో మేము పనిచేసే డిగ్రీ కాలేజీ పేరు చెప్పను, చెప్పుకునేంత పేరు దానికి లేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన అక్కడ కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాడు, ఇప్పటికీ పర్మినెంట్ కాలేదు. "ఎట్లున్నరు సార్?" అంటే "నడుస్తుంది" అంటాడు. అంతకు మించిన కబురు ఆయన దగ్గర దొరకదు.

ఏటా ఏప్రిల్‌లో ఆయనకో పని పడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల కాలేజీలకు పోయి ఆఖరి ఏడాది పిల్లలు తయారు చేసిన వెబ్‌సైట్లు చూసి యాభైకి మార్కులు వేయాలి. తయారు చేసినవి అన్నాను గానీ, చాలామందివి ప్రాజెక్టులు అమ్మే దుకాణంలో కొనుక్కొచ్చినవే. ముప్పైమంది ఉంటే ఇరవైమందివి ఆన్‌లైన్ పుస్తకాల షాపులు. అన్నింటికీ అదే నీలం రంగు, పైన అదే నవ్వే దొర ఫొటో.

మొదట్లో ఆయన ఇట్లా లేడు. ఒకసారి పదకొండు మందిని నిలబెట్టి, ఈ బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో చెప్పమన్నాడు. నోరు తెరవని వాళ్లందరికీ తలా పది వేసి వచ్చాడు. తర్వాత రెండేళ్లు ఏ కాలేజీ ఆయన్ని పిలవలేదు. మూడో ఏడు పిలుపు వచ్చేసరికి మనిషికి బుద్ధి వచ్చింది, లేదా ఓపిక పోయింది. ఒక కాగితం రాసుకున్నాడు. లాగిన్ పేజీకి ఇన్ని, బొమ్మలకు ఇన్ని, రంగులకు ఇన్ని. టిక్కులు పెట్టడం, కూడడం, సంతకం. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. అయినా ఏమనగలను, నేనూ జవాబు పత్రాలు అట్లాగే దిద్దుతాను.

పోయిన ఏప్రిల్‌లో సిరిసిల్ల వంతు వచ్చింది. అది ఆయన పుట్టిన ఊరు. తండ్రి రాజలింగం సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపీ నడిపీ వినికిడి పోగొట్టుకున్నాడు. తమ్ముడు గణేశ్ ఇప్పటికీ ఆ షెడ్డులోనే పనిచేస్తున్నాడు.

ఆ రోజు ఇరవై ఏడు మంది. మధ్యాహ్నం మూడున్నరకు, సారుకు ఆవులింతలు ఆగనప్పుడు, సుస్మిత అనే అమ్మాయి వంతు వచ్చింది. కంప్యూటర్ తెర మీద ఎడమవైపు ఆరు పెద్ద పెద్ద గడులు, వాటిలో ఇంతింత అక్షరాలు. కుడివైపంతా తెల్లగా ఉంది. లాగిన్ లేదు, బొమ్మ లేదు.

"గిదేంది బిడ్డా, సగం పేజీ ఖాళీ ఇడిసిపెట్టినవ్?"

"సాంచలు నడిపేటోళ్ల కోసం చేసిన సార్. ఒక్కసారి ఫోన్ల తెరిచి చూస్తరా?"

"టైం లేదమ్మా. తర్వాత ఎవరు?"

ఇరవై నాలుగు పడ్డాయి. ఆ కాలేజీ లెక్చరర్ కరుణాకర్ రావు కాగితం చూసి మెల్లగా అన్నాడు. "సార్, ముప్పై రాకుంటే వచ్చే నెల కంపెనీ ఇంటర్వ్యూకు పంపరు. సొంతంగ చేసింది గీ పిల్ల ఒక్కతే."

"సొంతంగ చేస్తే మంచిగ చెయ్యాలె గద సార్" అన్నాడు మా సారు. పుస్తకాల షాపులకు నలభై రెండేసి వేసిన చేత్తోనే సంతకం పెట్టాడు.

సాయంత్రం తమ్ముణ్ని చూసి పోదామని షెడ్డుకు వెళ్లాడు. గణేశ్ ఒక్కడే ఎనిమిది సాంచలు చూసుకుంటున్నాడు. అందులో ఒకటి టకటకమని ఆగిపోయింది. గణేశ్ ఒక చెయ్యి సాంచా మీద ఉంచి, ఎడమ చేత్తో ఫోన్ తీసి, బొటనవేలితో ఒక గడిని నొక్కాడు. పది నిమిషాల్లో సాంచలు బాగుచేసే బక్కయ్య సంచి పట్టుకొని వచ్చాడు, ఏ సామాను కావాలో తెలిసినట్టే తెచ్చాడు.

సారు ఫోన్ లాక్కొని చూశాడు. ఆరు గడులు, ఒక్కోదాంట్లో సాంచకు వచ్చే ఒక్కో రోగం పేరు. ఎడమవైపు.

"మన వాడ పిల్ల చేసిందే అన్నా" అని గణేశ్ చెవి దగ్గర అరిచాడు. "గీ సప్పుడుల ఫోన్ మాట్లాడితే ఎవనికి ఇనవడ్తది? ఒక్క బొటనేలు అందేటట్టు అన్నీ ఒక్కదిక్కు పెట్టింది. పది రోజులు మా ఎనకనే నిలవడి చూసింది. గీమెకు పరీక్షల మస్తు పడ్తయ్ గదా?"

"ఇరవై నాలుగు" అన్నాడు సారు.

"ఆఁ? ఎన్ని?"

చప్పుడులో వినపడలేదు. రెండోసారి చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

మర్నాడు సిరిసిల్ల కాలేజీ తెరవకముందే గేటు దగ్గర నిలబడ్డాడు. మార్కులు రాత్రే యూనివర్సిటీకి ఎక్కించేశారు. మార్చాలంటే తప్పు తనదేనని ఎగ్జామినర్ రాసివ్వాలి. రాశాడు. 'ఈ వెబ్‌సైట్ ఫోన్ కోసం తయారైంది. విద్యార్థిని అడిగినా నేను ఫోన్‌లో తెరిచి చూడలేదు.'

"గిది పంపితే మిమ్ముల మళ్ల ఎవ్వరు పిలువరు సార్" అన్నాడు కరుణాకర్ రావు.

"పిలువకుంటె మంచిదే. అలసిపోయిన."

ఇరవై నాలుగు నలభై ఒకటి అయింది. కంపెనీ వచ్చి వెళ్లిన పదకొండు రోజుల తర్వాత అయింది.

ఈ ఏప్రిల్‌లో ఆయనకు పిలుపు రాలేదు. పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఎందుకు పిలవలేదని అడిగితే, నడుస్తుందని తప్పించుకోకుండా మొదటిసారి ఇదంతా చెప్పాడు. మార్కులు మారాక సుస్మిత ఫోన్ చేసిందట.

"మీరు గణేశ్ కాకకు అన్న అయితరని నాకు గా రోజే తెలుసు సార్."

"మరి అప్పుడే చెప్పకపోతివి బిడ్డా?"

"చెప్తే మార్కులు గణేశ్ కాక పేరుకు పడ్తుండె సార్."

చెప్పడం అయ్యాక సారు హాజరు పట్టీ తీసుకొని లేచాడు. "ఎవడో కండ్లు లేనోడు గా ఇరవై నాలుగు ఏసిండని గణేశ్ ఇప్పటికీ తిడ్తడు. గా పిల్ల నా పేరు చెప్పలేదు" అన్నాడు. "నేను గూడ చెప్పలేదు."