పోపులపెట్టెలో రబ్బరు చేపలు

అక్కడ వసంతం మొదలయ్యే సెప్టెంబరు వచ్చి మానుకౌ సముద్రతీరంలో నీళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఆ దగ్గరి పాపటోయిటోయి పేటలో ఉండే వసుంధర చేతులు ఊరుకోవు. వారమంతా గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటించే ఆ వేళ్లే శనివారం పొద్దున్నే తీరాన పాత పోపులపెట్టె తెరుస్తాయి. ఆవాల గిన్నెలో సీసపు గుండ్లు, మెంతుల గిన్నెలో గాలాలు, మిగతావాటిలో ఎరకు రంగురంగుల రబ్బరు చేపలు. నీటి రంగు చూసి, పోపుకు దినుసులు తీసినట్టే చకచకా ఎర తీస్తుంది. బండల మధ్య నీరు సుడి తిరిగే చోటంటే ఆమెకు ప్రాణం. పోటెక్కే అరగంటే అక్కడ చేప పడేది.

ఆ శనివారం మూత తీస్తే రబ్బరు చేపలన్నీ పసుపులో పొర్లుతున్నాయి. వంటింటి పెట్టె అనుకుని మొగుడు మహీధర్ రాత్రి పసుపు ప్యాకెట్టు మొత్తం ఒంపేశాడు!

"ఏవండీ, మనం వచ్చింది స్నాపర్ చేప పట్టడానికా, పులుసు పెట్టడానికా?" అని అరిచింది. అవతల అరగంటా కరిగిపోతోంది. ఇక చేసేది లేక పసుపంటిన రబ్బరు చేపనే ఒకటి గాలానికి గుచ్చి సుడిలోకి విసిరింది. పది లెక్కపెట్టేలోపు గాలపు కర్ర విల్లులా వంగింది.

"పడింది, పడింది! వల తెండి!"

కొలిస్తే స్నాపర్ నలభై సెంటీమీటర్లు దాటింది. బండమీద బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మొగుడి వైపు తిరిగి, రొప్పుతూనే అంది: "వచ్చే వారం కారం కూడా పొయ్యండి."