చిట్టి మానేసిన బలం మాత్రలు

మా మనవరాలిని ఇంట్లో అందరం చిట్టి అంటాం. పదహారేళ్లకే ఆ పేరుకూ ఆమె ఒంటికీ పొంతన లేకుండా పోయింది. షుగరొచ్చింది, మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వచ్చేది. చివరికి డాక్టర్లు పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేశారు.

నేను ఊరి బడిలో ఐదో తరగతి చదివి, అద్దె మిషన్ మీద మొదలుపెట్టి, పోలీసు పెరేడుకు యూనిఫారాలు కుట్టి షీల్డు అందుకున్న దర్జీని. కొలత తప్పిందని ఒక్కరూ బట్ట వెనక్కి తేలేదు. అలాంటివాణ్ణి, ఈ పిల్ల విషయంలో మాత్రం నాకు ఓ పట్టాన ఏదీ అర్థం కాలేదు.

బడి నుంచి రాగానే చిట్టి నా షాపులో కాజాలు కుట్టేది. ఆపరేషన్ తర్వాత చొక్కా వదులైనప్పుడల్లా నా మీద పడేసేది.

"తాతయ్యా, మళ్ళీ లోపలికి పట్టు."

పట్టేవాణ్ణి, పొంగిపోయేవాణ్ణి. తిన్నది కక్కుకుంటోందంటే వాళ్ళ నాయనమ్మ కొట్టిపారేసింది.

"చిన్న సంచిలో ఎక్కువ కుక్కితే బయటికి రాదూ? ఆపరేషన్ పనిచేస్తోందన్నమాట!"

సబబుగానే తోచింది.

ఒక మధ్యాహ్నం మిషన్ దగ్గర కూర్చున్న చిట్టి కుట్టు పాము పాకినట్టు వంకరలు పోయింది.

"ఏమే, కళ్ళు నెత్తికెక్కాయా?"

"పాదం కింద పెడల్ తెలీట్లేదు తాతయ్యా. కాళ్ళు నావి కానట్టున్నాయి."

లేవబోయి కూలబడింది. ఆసుపత్రికి పరుగెత్తాం.

"వాంతులవుతుంటే అప్పుడే ఎందుకు రాలేదమ్మా? విటమిన్ మాత్రలు వేసుకుంటున్నావా?" అని నర్సు అడిగింది.

చిట్టి తల దించుకుంది. "బలం మాత్రలు కదా, వేసుకుంటే మళ్ళీ లావెక్కుతానని మానేశా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని మా కోడలు నెత్తి కొట్టుకుంది.

నర్సు నవ్వలేదు. సెలైన్లో మందెక్కిస్తూ చెప్పింది. "పొట్ట చిన్నదైంది, తిండి తగ్గింది. వాంతులు కూడా తోడైతే విటమిన్లు అందక నరాలు దెబ్బతింటాయి. ఈ మాత్రలతో లావెక్కరు, జీవితాంతం వేసుకోవాలి. వాంతులు ఆగకపోతే ఆ రోజే రావాలి."

"కాళ్ళు బాగవుతాయా?" అని అడిగాను.

"చాలావరకు అవుతాయి. ఎంతవరకో ఇప్పుడే చెప్పలేం."

"మరి పిల్ల సన్నబడటం మంచిదా, చెడ్డదా?"

"మంచిదే తాతగారూ. ఇలా మాత్రం కాదు."

అదేమిటో! మంచిదేనట, ఇలా కాదట. బలం మాత్ర లావు చేయదట.

ఇంటికొచ్చాక చిట్టి గోడ పట్టుకుని నడుస్తోంది. నర్సు చెప్పినట్టే ముద్ద ముద్దా నమిలి తింటోంది, నీళ్ళు తర్వాతెప్పుడో తాగుతోంది. మాత్ర మాత్రం అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"తాతయ్యా, నిజంగా లావెక్కనుగా?"

"నర్సమ్మ చెప్పిందిగా."

"నువ్వు చెప్పు."

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"నాకు తెలీదే తల్లీ. నువ్వు నడవాలి. వేసుకో."

చిట్టి పకపకా నవ్వింది. "నీకు తెలీనిదొకటుందా? ఇప్పుడే వింటున్నా!" అంటూ మాత్ర నోట్లో వేసుకుంది.