మేనల్లుడికి మురుకులు

కోయంబత్తూరులో పీళమేడు అవతల ఒక వీధి ఉంది. అక్కడ గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. వందల ఏళ్ల కిందట వచ్చి స్థిరపడిన జనం. తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు గానీ తెలుగు తిట్టు ఒక్కటీ మరిచిపోలేదు. ఆ వీధి మొగదల్లోనే రంగనాథన్ కొట్టు, దాన్నానుకునే ఇల్లు. ఇడ్లీపిండి రుబ్బే గ్రైండర్లు అమ్ముతాడు, పాడైనవి బాగుచేస్తాడు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆయన కూతురు కార్తీక. గ్రైండరు తిరిగే చప్పుడు వింటే చాలు, బెల్టు అరిగిందో రాయి పక్కకు ఒరిగిందో చెప్పేస్తుంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చెవి అంత చురుగ్గా పనిచెయ్యలేదు.

మొన్నటి ఎన్నికలకి కార్తీకకు మొదటిసారి ఓటొచ్చింది. ఓటు కన్నా ముందే కట్చి వచ్చింది. తమిళనాట పార్టీని కట్చి అంటారు, ఆ వీధి తెలుగులోనూ అంతే. అదో కొత్త కట్చి. వాళ్ల నాయకులు ఏ వేదికెక్కినా ఒకటే మాట: "మీ గడప ముందు నిలబడి మీ కులమేదని అడగం, మీ కష్టమేదని అడుగుతాం." ఆ మాట కార్తీక మనసుకు సూటిగా తగిలింది. తగలదా మరి! వాళ్లింట్లో రాజమ్మాళ్ ఉంది.

రాజమ్మాళ్ రంగనాథన్ తల్లి. కొట్టుకొచ్చిన మనిషి నోట ఒక్క తెలుగు ముక్క దొర్లితే చాలు, కొడుకు ధర చెప్పేలోగా ఆవిడ ఇంటిపేరు అడిగేస్తుంది. అక్కడివాళ్లకు ఇంటిపేరు ఏ కాగితం మీదా ఉండదు. పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం, అంతే. ఇంటిపేరు నోళ్లలోనే బతుకుతోంది. ఎవరు ఎవరికి అన్న, ఎవరు ఎవరికి బావ, ఎవరింటికి పిల్లనివ్వచ్చు, ఎవరింటికి ఇవ్వకూడదు, అన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఒకసారి కార్తీక తన స్నేహితురాల్ని ఇంటికి తీసుకొస్తే మంచినీళ్లు కూడా ఇవ్వకముందే "ఏ ఇంటోళ్లు పాపా?" అంది రాజమ్మాళ్. ఆ పిల్లది తెలుగే కాదు, పాపం. ప్రశ్న అర్థమయ్యాక మొహం చిన్నబుచ్చుకుని వెళ్లింది, మళ్లీ రాలేదు. ఆ కోపం కార్తీకకు ఇంకా చల్లారలేదు.

అందుకే కట్చి పనిలో పడి తిండీ నిద్రా మరిచిపోయింది. కొట్టు మేడ మీద జెండా కట్టింది. రంగనాథన్ కాదనలేదు, ఔననలేదు. "వ్యాపారం చేసేవాడికి అన్ని కట్చులూ కస్టమర్లే. ఎవరడిగినా అది గాలికి వచ్చి చిక్కుకొన్నాదని చెప్తా," అన్నాడు.

కార్తీక పంతం మాత్రం తండ్రి మీద కాదు, అవ్వ మీద. అవ్వ ఓటు గెలవాలి. గెలిస్తే ఊరంతా గెలిచినట్టే. రోజూ పక్కన కూర్చుని కట్చి గొప్పలు చెప్పేది. "మా కట్చి జాతి అడగదు అవ్వా!"

"అడగకుండా ఎట్లే తెలిసేది? చుట్టమని తెలియకుండా చుట్టాన్ని పంపించేస్తే పాపం కాదా?" అనేది రాజమ్మాళ్. ఆవిడతో వాదించడం కన్నా ఎద్దుకు ఏకాదశి చెప్పడం తేలిక.

ఆ రోజుల్లోనే ఒక సెలవురోజు మధ్యాహ్నం ఇరుళాయి అనే ఆవిడ ఓటడగడానికి వచ్చింది. ఏ కట్చీ లేదు, స్వతంత్రంగా నిలబడింది. రేషన్ షాపులో పనిచేసి విరమించిన మనిషి. ఒక్కతే, గొడుగు వేసుకుని వచ్చింది. గుర్తు ఇస్త్రీపెట్టె. అలవాటుగా రాజమ్మాళ్ తమిళంలో, "ఏ ఊరు, ఎవరివాళ్లు?" అని అడిగింది. ఇరుళాయి మొహం ఏమీ చిన్నబుచ్చుకోలేదు. "మాది మదురై పక్కనమ్మా. మీవాళ్లం కాదు. వర్షమొస్తే మీ వీధి కాలవ ఎక్కడ పొంగుతుందో కాస్త చూపిస్తారా?" అంది. రాజమ్మాళ్ లేచి వెళ్లి చూపించింది. కార్తీక కొట్టులోంచే చూసి నవ్వుకుంది. గొడుగుతో ఎన్నికలు గెలుస్తారా ఎవరైనా? ఆవిడ ఇచ్చిన కరపత్రాన్ని గ్రైండరు కింద కారిన నూనె తుడవడానికి వాడింది.

ఆ సాయంత్రం కట్చి ఆఫీసులో అందరూ టీ తాగుతున్నారు. ఏరియా కార్యదర్శి కదిరవన్ ఉన్నాడు, కార్తీకను కట్చిలో చేర్చింది అతనే. కబుర్లలో కబురుగా కార్తీక తమిళంలో అవ్వ ఇంటిపేర్ల పిచ్చి గురించి చెప్పింది. "ఆవిడ పుట్టిల్లు ఎర్రమనేని. ఆ పేరు చెప్పి వస్తే దొంగకైనా కాఫీ ఇచ్చి పంపిస్తుంది!" అందరూ పడి పడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది కదిరవన్.

ఆ వారంలోనే కట్చి అభ్యర్థి అరవిందన్ వాళ్ల వీధికి వచ్చాడు. మెడలో దండలు, వెనక డప్పులు. నేరుగా రాజమ్మాళ్ కూర్చున్న అరుగు దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"బాగుండారా అత్తా?"

తెలుగు! రాజమ్మాళ్ కళ్లు విప్పారాయి. "బాగుండాను నాయనా. ఏ ఇంటోళ్లు?"

"ఎర్రమనేనోళ్లం అత్తా."

"అయ్యయ్యో, నా పుట్టిల్లు కదరా! ఏ ఊరు మీది?"

"పళని పక్కన. తాత కాలంలోనే ఈడికి వచ్చేస్తిమి." అతని తెలుగు కొంచెం తడబడుతోంది. ఈ కాలం పిల్లలకు అంతేలే అనుకుంది రాజమ్మాళ్. మిగతా ఖాళీలన్నీ తానే పూరించుకుంది. "పళని పక్కనంటే మా చిన్నాయన వంశమే! అయితే నేను నీకు మేనత్తను రా!" అతను వంగి కాళ్లకు దండం పెట్టాడు. ఆవిడ లోపలికి పరుగెత్తి కాఫీ తెచ్చింది, డబ్బా విప్పి మురుకులు పెట్టింది, దారిలో తినమని పొట్లం కట్టి కూడా ఇచ్చింది. డప్పులవాళ్లందరికీ వచ్చాయి. పండక్కి దాచిన డబ్బా అది.

కార్తీకకు ఒక్క క్షణం చురుక్కుమంది. గడప ముందు కులం అడగబోమన్న కట్చి, గడప ముందు ఇంటిపేరు చెప్పుకోవడమేమిటి? అయినా ఎర్రమనేని వాళ్లు లోకంలో చాలామంది ఉంటారు, ఇతనూ ఒకడేమో. పైగా ఇన్నాళ్ల వాదనకు దొరకని ఓటు ఒక్క నిమిషంలో దొరికింది. ఆ సంబరం ముందు చురుకు ఎంతసేపు నిలుస్తుంది!

మర్నాడు పక్క వీధిలో ప్రచారం. కార్తీక కరపత్రాలు పంచుతూ అరవిందన్ వెనకే నడుస్తోంది. అక్కడ వల్లియమ్మ అని రాజమ్మాళ్ ఈడు ముసలావిడ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. అరవిందన్ వెళ్లి చేతులు జోడించాడు. "బాగుండారా పిన్నీ? మేము మందలపోళ్లం."

వల్లియమ్మ చేతిలో చింతపండు వదిలేసి లేచి నిలబడింది. ఆవిడ కళ్లలోనూ అదే వెలుగు. కార్తీక చేతిలో కరపత్రాలు అలాగే ఉండిపోయాయి. మనిషికి కట్చులు రెండుండచ్చు, ఫోన్లు రెండుండచ్చు. ఇంటిపేర్లు రెండుండవు.

డప్పులు ముందుకు సాగాక కార్తీక కదిరవన్‌ను పక్కకు పిలిచి నిలదీసింది. "నిన్న ఎర్రమనేని, ఇవాళ మందలపు. ఏమిటిది? అసలాయన తెలుగువాడేనా?"

కదిరవన్ ఏమాత్రం తడబడలేదు. "తెలుగేం కాదు, ఆయనది మా ఊరే. నాలుగు ముక్కలు నేర్పించాం. ప్రతి వీధికీ ఇలాగే చేస్తున్నాం, నీ వీధికి మాత్రం నువ్వే చెప్పావు కదా. ఏమాటకామాట, నీ సాయం గొప్పది. మీ అవ్వను రేపు బండెక్కిద్దామా? మైకులో మేనల్లుడని ఆవిడే చెబితే నాలుగు వీధులు మనవే."

"కులం అడగబోమని కదా చెప్పాం?"

"అడగలేదుగా! మనమే చెప్పాం," అన్నాడు కదిరవన్. తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు.

కార్తీక మిగిలిన కరపత్రాలు అతని చేతిలో పెట్టి ఇంటికి వచ్చేసింది. కట్చి మోసం చేసిందన్న బాధ ఒకటైతే, ఆ మోసానికి తాళంచెవి తన చేతులతోనే ఇచ్చానన్న బాధ దానికి రెట్టింపు. అవ్వ పిచ్చిని నలుగురిలో నవ్వులపాలు చేసింది తను. ఆ నవ్వే తిరిగి అవ్వ గడపకు వచ్చి కాఫీ తాగి వెళ్లింది. మేడ మీద జెండా విప్పి మడతపెట్టి గ్రైండర్ల మీద దుమ్ము తుడిచే గుడ్డల్లో పడేసింది.

అవ్వకు చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచిందో. తెరిచినప్పుడల్లా రాజమ్మాళ్ ఎవరికో ఒకరికి చెబుతూ కనిపించేది. "మా మేనల్లుడు నిలబడుండాడే! ఏం మర్యాద, ఏం వినయం! కాళ్లకు దండం పెట్టినాడు." పుట్టింటివైపు ఎవరూ మిగలని మనిషి. ఆ మొహంలో ఆనందం చూసి కార్తీక నోరు మూసుకునేది. అవ్వ ఓటు ఒక అబద్ధానికి పోతోంది. తన ఓటు ఎవరికీ వెయ్యకూడదనుకుంది. ఈ మొదటి ఓటు కోసమేనా ఇంత ఎదురుచూసింది!

ఓటింగు రోజు పొద్దున్నే రాజమ్మాళ్ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. "లేవే పాపా, బూత్‌కి పోదాము."

"నేను రాలే అవ్వా. మనసు లే."

"మనసుతో యేం పని? వేలు ఉంటే చాలు. నన్ను పట్టుకొని నడిపించేదానికైనా రా."

అవ్వను ఒంటరిగా పంపడం ఇష్టంలేక కార్తీక వెళ్లింది. పాఠశాల ముందు వరుస పొడుగ్గా ఉంది. ఎండ ఎక్కుతోంది. నిర్ణీత దూరంలో నిలబడ్డ కట్చి వాళ్లలో కదిరవన్ చెయ్యూపాడు, కార్తీక మొహం తిప్పుకుంది. అలా తిప్పినప్పుడే ఇరుళాయి కనిపించింది. తన ఓటు వేసి వెళ్తూ, అదే గొడుగు కింద, వరుసలో ఉన్న ఎవరో గర్భిణికి ఎండ తగలకుండా గొడుగు పట్టి మాట్లాడుతోంది. ఓటడగడం లేదు, ఊరికే నిలబడింది. కార్తీకకు నూనె తుడిచిన కరపత్రం గుర్తొచ్చి సిగ్గేసింది.

లోపల యంత్రం ముందు నిలబడింది. తన కట్చి గుర్తు పైనే ఉంది. దాన్ని దాటుకుంటూ కిందకు వెళ్లి ఇస్త్రీపెట్టె దగ్గర వేలు ఆపి, నొక్కింది. యంత్రం కూసింది. ఆవిడ గెలవదని కార్తీకకు తెలుసు. అయినా బయటికొస్తుంటే మనసు తేలిగ్గా ఉంది. సరిగ్గా కుదురుకున్న రాయి తిరుగుతున్న చప్పుడు వింటే కలిగే తృప్తిలాంటిది.

తిరిగి వస్తూ దారిలో రాజమ్మాళ్‌కు చెరకురసం ఇప్పించింది. ఇంక దాచలేకపోయింది. "అవ్వా, మేనల్లుడికే వేసినావా?"

రాజమ్మాళ్ గ్లాసు దించి మనవరాలిని వింతగా చూసింది. "ఏందే ఆ మాట? సొందక్కారుడైతే, చుట్టమైతే కాఫీ ఇస్తాము, మురుకు ఇస్తాము, పెండ్లికి పిలుస్తాము. వోట్టు యెందుకే ఇచ్చేది? ఈడికొచ్చి కాలవ చూసిపోయిందే ఆ గొడుగామె, ఆమెకు వేసినాను."

కార్తీకకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ తను కట్చి జెండా పట్టుకుని నేర్పబోయిన పాఠం అవ్వకు ముందే వచ్చు. రోడ్డు పక్కనే నిలబడి మొత్తం చెప్పేసింది. ఆఫీసులో తను చేసిన ఎగతాళి, ఎర్రమనేని, మందలపు, కదిరవన్ నవ్వు, ఏదీ దాచలేదు. చెప్పి తలవంచుకుంది. "మన్నించు అవ్వా."

మేనల్లుడు పోయిన దిగులు రాజమ్మాళ్ మొహం మీద ఒకసారి కనిపించింది. తర్వాత చెరకురసం చివరి గుటక తాగి, మూతి కొంగుతో తుడుచుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"వోట్టు పోలే కదా. పోయినవి మురుకులే. పద, పండక్కి మళ్లీ వత్తుకొందాము. ఈసారి పిండి నువ్వు పిసుకు."