పెండ్లి డబ్బాల తప్పు మా చిన్నాయినది కాదు

మా చిన్నాయిన పోయాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఛాతీలో మంటగా ఉందని మంచం మీద కూర్చున్నాడట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. నాకు ఫోన్ చేసింది ఆయన కొడుకు, నాకు తమ్ముడు. "అక్కా, నాయిన ఇగ లేడు" అన్నాడు. 

మీలో చాలామందికి ఆయన మొహం తెలియకపోవచ్చు. చేతిరాత మాత్రం మేడ్చల్ చుట్టుపక్కల వాళ్లందరికీ తెలుసు. మేడ్చల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం అరుగు మీద కూర్చుని నలభై ఏళ్లు గిన్నెల మీద పేర్లు కొట్టాడు. పెండ్లి బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు, పుట్టువెంట్రుకల గ్లాసు మీద పిల్లవాడి పేరు, దశదిన కర్మ నాడు పంచే డబ్బా మీద పోయినవాళ్ల పేరు. మొదట్లో చిన్న ఉలి, సుత్తి. తర్వాత జుయ్యిమని వణికే కరెంటు పెన్ను. శామీర్‌పేట నుంచి అత్వెల్లి దాకా ఏ వంటింటి గూట్లో చెయ్యి పెట్టినా ఆయన రాసిన పేరు ఒకటి వేలికి తగులుతుంది.

అలాంటి మనిషిని ఇంకా వాకిట్లోనే పడుకోబెట్టి ఉంచగా, షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మాట్లాడుకోవడం నేను విన్నాను.

"అన్న బిడ్డే గదా, గా లేజర్ మిషన్ దెచ్చి ఆయన కడుపు గొట్టింది."

"పెండ్లి డబ్బాల కాడ పరువు వోయింది. గా మనేదతోనే వోయిండు పాపం."

ఆ అన్న బిడ్డను నేనే. నీళ్ల బిందె చంకన పెట్టుకుని వాళ్ల వెనకే నిలబడి ఉన్నాను. ఆ రోజు నోరెత్తలేదు. ఇప్పుడు ఊరుకోను. ఆయన మిషన్‌కు ఓడిపోయాడన్నది ఒక అబద్ధం. పెండ్లి డబ్బాల మీద తప్పు రాశాడన్నది రెండో అబద్ధం. ఈ రెండోది బతకడానికి కారణం నేను. అందుకే ఇది రాస్తున్నాను.

కుత్బుల్లాపూర్ దగ్గర ఒక ప్యాకింగ్ కంపెనీలో పదేళ్లు నిలబడి అట్టపెట్టెలు మడిచి, కాళ్లు వాచిపోయి మానేశాను. ఇంటి వెనక రేకుల గది ఖాళీగా ఉంది. శామీర్‌పేట వైపు కొత్త విల్లాలు లేస్తున్నాయి, వాటన్నిటి తలుపులకూ పేరు పలకలు కావాలి. ఫోన్లో ఒక చిన్న లేజర్ మిషన్ వీడియో చూశాను. రెండడుగుల చదరపు చట్రం, మధ్యలో అటూ ఇటూ తిరిగే తల, అందులోంచి నీలం వెలుగు. చెక్క మీద బొమ్మ గీస్తుంది, పలచటి చెక్కనైతే కోస్తుంది కూడా. వెళ్లి చిన్నాయినకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకోకుండానే రెండుసార్లు చూసి ఒకటే అడిగాడు.

"గా చెక్క ఎక్కడిది?"

నాకు తెలియదన్నాను.

"ఆళ్లు జూపిచ్చే చెక్క ఏరు, మన బజార్ల దొరికే చెక్క ఏరు. తెప్పియ్యి. పదొద్దులల్ల వాపస్ పంపొచ్చు అంటున్నరు గదా, గా పదొద్దులు దానికి ఊపిరాడకుంట పని జెప్దాం. మంచిగుంటే ఉంచుకుందాం, లేకుంటే అదే పెట్టెల పెట్టి సాగనంపుదాం."

మిషన్ తన కడుపు కొడుతుందని భయపడే మనిషి మాట్లాడే తీరు ఇదేనా? షామియానా కింద కూర్చున్న పెద్దలే చెప్పాలి.

మిషన్ వచ్చిన రోజు ఆయన దుకాణానికి పోలేదు. గుడ్డ సంచి ఒకటి తెచ్చి నేల మీద బోర్లించాడు. మూడు వేర్వేరు దుకాణాల ప్లైవుడ్ ముక్కలు, టేకు చెక్క, కొబ్బరి చిప్ప, తెగిన తోలు చెప్పు, రెక్సిన్ ముక్క, నల్ల అక్రిలిక్, అద్దంలా అవతలికి కనబడే అక్రిలిక్, ఒక స్టీలు పళ్లెం. ముందు మిషన్ చేత పెద్ద చదరం గీయించి, మూల నుంచి మూలకు దారం పట్టి రెండు వైపులా కొలిచాడు. బియ్యపు గింజంత తేడా వచ్చింది. మరలు విప్పి చట్రం మళ్లీ బిగించేదాకా ఇంకో పని ముట్టనివ్వలేదు.

తర్వాత ఒక్కో ముక్కా. పలచటి ప్లైవుడ్ రెండు సార్లలో కోసింది. అదే మందం, ఇంకో దుకాణంది, మధ్యలో బంక గడ్డ ఉన్న చోట మొండికేసింది. వేగమెంత, వెలుగెంత అన్నది ఆ ముక్క వీపు మీదే పెన్సిలుతో రాసి మేకుకు తగిలించాడు. నల్ల అక్రిలిక్ తెగింది. అద్దం లాంటిది మాత్రం చెక్కుచెదరలేదు. వెలుగు దాన్ని దాటుకుని కింద చెక్కను కాల్చింది. చిన్నాయిన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మస్తు హుషారుంది, పని దప్పిచ్చుకొని పోతాంది సూడు" అన్నాడు. రెక్సిన్ మీద రెండు గీతలు పడేసరికి గొంతులో కారం కొట్టినట్టయింది. మిషన్ ఆపి, ఆ ముక్కను బయటికి విసిరి, ఇంకెప్పుడూ దీన్ని గదిలోకి రానివ్వనని నా చేత ఒట్టేయించుకున్నాడు. మర్నాడే కిటికీకి ఫ్యాను, గొట్టం బిగించాం. తడి గోనెసంచి, నీళ్ల బకెట్ పక్కనే పెట్టించాడు. మిషన్ తిరుగుతున్నంతసేపూ గది వదిలి పోకూడదు, ముదురు కళ్లద్దాలు తియ్యకూడదు. ఫోన్ మోగినా సరే, మిషన్ ఆపి లేవాలి.

స్టీలు మీద లేజర్ గీత పాలిపోయి వచ్చింది. ఆవపిండి నీళ్లలో కలిపి పూసి, ఆరనిచ్చి కొడితే నల్లగా పడుతుందని ఎవరో వీడియోలో చెప్పారు. చిన్నమ్మ పచ్చడికని దాచుకున్న ఆవపిండి సగం మా మిషన్‌కు పోయింది. "ఇగ మిషన్‌కు అన్నం గూడ వెట్టుర్రి" అని చిన్నమ్మ గొణిగింది. నల్లగా వచ్చింది నిజమే. చిన్నాయిన మాత్రం నమ్మలేదు. మిగిలిన రోజులన్నీ ఆ పళ్లెంలోనే తిన్నాడు, పూటపూటా బూడిదతో తోమించాడు. ఆఖరి రోజు పళ్లెం ఎండలో తిప్పి చూసి తీర్పు చెప్పాడు.

"గీత పోలే, గని లోతు లేదు, గోరుకు తాకుతలేదు. సదరంగుంటేనే రాస్తది, ఒంపు మీద దొరగారు రాయరు. మూతలకు పనికొస్తది, బిందెలకు రాదు. చెక్క పలకలకైతే నంబర్ వన్. ఉంచుకో బిడ్డా."

ఆ రోజు నుంచి మిషన్ పేరు దొర. కొనాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లకు నేను ఇప్పటికీ చిన్నాయిన తీర్పే చెబుతాను.

ఇక డబ్బాల సంగతి.

చిన్నాయినకు ఒక పద్ధతి ఉండేది. పెన్ను ముట్టే ముందు, పేరు రాయించుకోవడానికి వచ్చినవాళ్లను నిలబెట్టి, కాగితం మీద ఉన్నదంతా పైనుంచి కిందిదాకా పైకి చదివించేవాడు. చదువు రానివాళ్లకు తనే చదివి వినిపించేవాడు. నాకూ అదే నేర్పాడు.

ఒక వారం శామీర్‌పేటలో ఎవరిదో దశదిన కర్మకు డబ్బాల మూతల మీద పేర్లు కొట్టాను. పైన పోయినామె పేరు, కింద 'జ్ఞాపకార్థం' అని ఒక వరస. ఆ తర్వాతి వారం అత్వెల్లిలో మాకు వదిన వరసయ్యే ఆమె బిడ్డ పెండ్లి. వచ్చినవాళ్లకు పంచడానికి నలభై డబ్బాలు. కంప్యూటర్లో పాతదే తెరిచి పైన పేర్లు మార్చాను. కింది వరస తీసెయ్యలేదు. పైకి చదవలేదు. చిన్నాయిన ఆ రోజు దుకాణంలో ఉన్నాడు, మా గది మొహం కూడా చూడలేదు. ఎనిమిదేసి మూతల చొప్పున ఐదు విడతలు కొట్టి, తుడిచి, అట్టపెట్టెల్లో సర్ది పంపాను. పెండ్లి కూతురు, పెండ్లి కొడుకు పేర్ల కింద, నల్లగా, అందంగా, 'జ్ఞాపకార్థం'.

పెండ్లికి ముందు రోజు పొద్దున వదిన ఆటోలో వచ్చింది. ఒళ్లో మూతలు. వెనకే బండి మీద ఆమె తమ్ముడు. వదిన అరవలేదు. ఒక మూత తీసి నా కళ్ల ముందు పట్టింది.

"రేపు పిల్ల పెండ్లి వెట్టుకొని, పిల్ల పేరు కింద గిదేంది?"

నేను నోరు తెరిచాను. అప్పటికి చిన్నాయిన ఏదో చెక్క ముక్క కోసం వచ్చి గదిలోనే ఉన్నాడు. నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అక్షరాలు వెట్టింది నేను. కండ్లకు ఆనలే. తప్పు నాదే బిడ్డా. పొద్దుగూకే యాళ్లకు మార్చి నీ ఇంటికి దెస్త."

లోతు లేని గీత ఆ రోజు మమ్మల్ని కాపాడింది. నేను ఎమరీ పేపరుతో రుద్దాను, ఆయన బఫింగ్ చక్రం మీద మెరుగు పెట్టాడు. తర్వాత అరుగు మీద కూర్చుని నలభై మూతల మీదా ఆయనే కరెంటు పెన్నుతో పేర్లు రాశాడు. రెండు పేర్లు, అంతే. ఒక్క అక్షరం తడబడలేదు. కళ్లు ఆననివాడి పనా అది?

ఎందుకట్ల చెప్పావని ఏడుస్తూ అడిగాను. ఆయన తల ఎత్తలేదు.

"నువ్వు ఇప్పుడిప్పుడే మొదలువెట్టినవు. సొట్ట వడితే పాత గిన్నెకే వడనియ్యి. ఏడ్సుడు వెట్టకు, గా మూత ఇటియ్యి."

నేను మూత ఇచ్చాను. నోరు మూసుకున్నాను. మీరు నన్ను తిట్టాల్సింది ఇక్కడ, మిషన్ కొన్నందుకు కాదు.

ముసలాయనకు కళ్లు పోయాయన్న మాట బజారంతా పాకింది. దుకాణం వాళ్లు ఒక్కో గిన్నే తగ్గించి, ఆఖరికి పిలవడమే మానేశారు. చిన్నమ్మ ఆయన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరు చెబితే, ఆ డాక్టరుకే సరిగ్గా చూడరాదని తిట్టుకుంటూ వచ్చింది. కరెంటు పెన్ను బియ్యం డబ్బాలో దాచింది. "ఉన్న పరువు గూడ తీస్తవా" అని రోజూ పోరింది. ఆయన సరే సరే అంటూ నవ్వాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు రోజూ మా గదికొచ్చాడు. వెదురు, బెండు, చింత చెక్క, ఏది దొరికితే అది దొర ముందు పెట్టి పరీక్షించాడు. పోవడానికి ముందు రోజు కూడా ఒక పేరు పలక అంచు సరిగ్గా రాలేదని నా చేత మూడుసార్లు కోయించాడు. మనేదతో కుంగిన మనిషి అంచులు చూస్తాడా?

దశదిన కర్మకు డబ్బాలు పంచాలి కదా. తమ్ముడు అడ్డం తిరిగాడు.

"అక్కా, గా మిషన్ తోని వద్దే వద్దు. నాయిన ఇజ్జత్ తీసిందే అది. స్టిక్కర్లు అతికిద్దాం."

"మీ నాయినే దాన్ని పరీక్షవెట్టి ఉంచిండురా. ఆయన పేరు నేనే కొడ్త. ఇజ్జత్ సంగతి పదో నాడు మాట్లాడ్త" అన్నాను. వాడు నా మొహం చూసి స్టిక్కర్ల మాట వదిలేశాడు.

భోజనాలు సాగుతున్నాయి. వెనక వరసలో ఇంకా వడ్డిస్తున్నారు. తిని లేచినవాళ్లకు నేను డబ్బాలు అందిస్తున్నాను. అత్వెల్లి వదిన తన డబ్బా తీసుకుని, మూత వెలుగుకు పట్టి, పక్కామెతో అంది.

"సక్కగ సూస్కో అక్కా. పాపం ఆయన ఉన్నప్పుడే కండ్లు ఆనకపాయె."

నా చేతిలో ఉన్న డబ్బా బల్ల మీద పెట్టాను.

"వదినా, నీ బిడ్డ డబ్బాల మీద తప్పు రాసింది నేను. చిన్నాయిన కాదు. ఆయన ఆ పొద్దు గదిలనే లేడు. నన్ను కాపాడనీకి మీదేసుకుండు."

వదిన మూత దించింది. "గిన్నొద్దులు ఎందుకు జెప్పలే?" అంది. భయమేసిందని చెప్పాను. 

గోడవార కుర్చీలో కూర్చున్న చిన్నమ్మ లేచింది. ఎనిమిది నెలలు ఆయన్ను ఆడిపోసుకుంది నా మూలంగానే. బల్ల పట్టుకుంటూ, కుర్చీలు పట్టుకుంటూ నా వైపే వస్తోంది. చెంప మీద కొడుతుందనుకున్నాను, కొట్టించుకోవడానికి కదలకుండా నిలబడ్డాను. వచ్చి నా భుజం పట్టుకుంది. గోళ్లు జాకెట్టులోంచి దిగాయి. ఎదురుగా తింటున్న జనం వైపు నన్ను తిప్పింది.

"గట్టిగ జెప్పు. ఎనుక కూసున్నోళ్లకు ఇనవడలే."

చెప్పాను. వెనక వరసలో పెరుగన్నం కలుపుతున్నవాళ్ల చేతులు ఆగాయి. చిన్నమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం నా భుజం మీద నుంచి తియ్యలేదు.

"ఇంకోసారి" అంది.