ముసలి కోడికి పలికిన ధర

నా చిన్నప్పుడు మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని మా బిల్డింగ్‌లో శుక్రవారం మధ్యాహ్నాలు ఒక పట్టాన గడిచేవి కావు. బయట కాలు పెట్టలేని ఎండ. లోపల నాన్న నిద్ర, మేం చప్పుడు చేయకూడదు. అందుకని పిల్లలందరం పక్కింటి అక్క దగ్గర చేరేవాళ్లం. వాళ్లది హైదరాబాద్. అక్క పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఇంగ్లీషు ఎమ్మే చదివేది. విక్టోరియా రాణి కాలం నాటి నవలలు తన పరీక్ష కోసం చదువుకుంటూ, వాటిలోని కథలు మాకు తెలుగులో చెప్పేది.

నేను ఆరో తరగతిలో ఉండగా మా క్లాసులో లీడర్ ఎన్నిక పెట్టారు. అంతవరకు టీచర్ ఎవరి పేరు చెబితే వాళ్లే లీడర్. ఈసారి చీటీ మీద పేరు రాసి డబ్బాలో వేయాలన్నారు. నేనూ, ఇంకో అమ్మాయీ నిలబడ్డాం. ఆ అమ్మాయంటే అందరికీ ఇష్టం. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. బస్సులో ఎవరు గుసగుసలాడినా నా ఓటు ఒకటి జారిపోయినట్టే అనిపించేది. చివరికి, నాన్న దుబాయ్ నుంచి తెచ్చిన వాసన రబ్బర్ల పెట్టె బడికి పట్టుకెళ్లాను. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, నాకే ఓటేస్తామని ఒట్టు వేయించుకుని మరీ చేతిలో ఒక రబ్బరు పెట్టాను.

ఎన్నిక శనివారం. ముందురోజు అక్క చెప్పిన కథలో కూడా ఎన్నికే. పార్లమెంటుకు పోటీ చేస్తున్న ఒక దొర తరఫున ఏజెంటు ఇంటింటికీ తిరుగుతుంటాడు. ఓటుకు డబ్బిస్తే నేరం. అందుకని చెప్పులు కుట్టే ఒకతని పెరట్లో, గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోడిని ఆవు ధర ఇచ్చి కొంటాడు. ఆ కోడి నడకనూ దాని తోకనూ ఏజెంటు పొగిడిన తీరు అక్క గొంతు మార్చి చెబుతుంటే మేం పడి పడి నవ్వాం. దొర గెలిచాడు. వానలకు ఊరి వంతెన కూలింది. దాన్ని బాగు చేయించమని అడగడానికి చెప్పులు కుట్టే అతను వెళ్లి దొర తలుపు తట్టాడు. “నీ కోడికి ధర ముట్టింది కదా, ఇంకేం కావాలి?” అని, తలుపు తీసిన ఏజెంటు అతని మొహం మీదే మళ్లీ మూసేశాడు. దానికి అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మర్నాడు నేనే గెలిచాను. జేబుకు బ్యాడ్జి పెట్టుకున్నా మనసు కుదుటపడలేదు. ఎవరైనా నా వంక చూస్తే తల తిప్పుకునేదాన్ని.

సోమవారం చివరి బెంచీ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. వాళ్లది కరీంనగర్ వైపు. వాళ్ల నాన్న రోడ్లు వేసే కంపెనీలో ఫోర్‌మన్.

“బోర్డు మీద రాసింది కనిపిస్తలేదు. అద్దాలు వచ్చేసరికి నెల పడ్తదట. మిస్‌కు చెప్పి ముందట కూసోబెట్టియ్యవా?”

ముందు బెంచీలో నా స్నేహితురాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరిని లేపాలి.

“నీకు రబ్బరు ఇచ్చాను కదా, ఇంకేం కావాలి?” అన్నాను.

ఆ పిల్ల సంచిలోంచి, ఇంకా వాడని ఆ రబ్బరు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పుడు వినబడింది నాకు నా మాట. అది ఏజెంటు మాట.

ఆ రోజు ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఆఖరికి పక్కింటి తలుపు కొట్టి, ఏడుస్తూ అక్కకు అంతా చెప్పేశాను.

“రబ్బర్ల ముచ్చట నాకు ముందే ఎరుక. మీ క్లాసుల ఉన్న మా చెల్లెకు గూడ ఒకటిచ్చినవ్ కదా,” అంది అక్క.

“మరి నన్నెందుకు తిట్టలేదు?”

“తిడితే నాకు భయపడి ఊకుంటుంటివి. గంతే.”

ఇప్పుడేం చేయాలని అడిగాను. అక్క నవల తీసి నా ఒళ్లో పెట్టింది. “గది ఇందుల రాసిలేదు. నువ్వే చూసుకోవాలె.”

మర్నాడు క్లాసు ముందు నిలబడి రబ్బర్ల సంగతి చెప్పాను. చివరి బెంచీ అమ్మాయికి బోర్డు కనబడటం లేదని కూడా చెప్పాను. టీచర్ బ్యాడ్జి తీసుకుంది. ఆ అమ్మాయిని ముందుకు మార్చి మళ్లీ చీటీలు పంచింది. దాదాపు అన్నీ నాతో పోటీకి నిలబడ్డ అమ్మాయికే. నా పేరు రెండుసార్లు మాత్రం వినబడింది. అందులో ఒకటి నేను రాసుకున్నదే.

బస్సు ఎక్కుతుంటే చివరి బెంచీ అమ్మాయి నా పక్కకు వచ్చింది. “ఇంకోటి నాదే,” అంది. ఎందుకు వేశావని అడిగితే, “ఇయ్యాల నువ్వేం ఇయ్యలే గదా,” అని ఎక్కి కూర్చుంది.

ఇప్పుడు మస్కట్ పక్కనే అమెరాత్‌లో చిన్న కుట్టు దుకాణం నడుపుతున్నాను. నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. సెలవు కావాలనో, డ్యూటీ వేళ మార్చమనో ఎవరైనా వచ్చి నిలబడితే, నీకు వీసా ఇప్పించింది నేను, రూమ్ చూపించింది నేను అన్న మాటలు నాలుక చివరిదాకా వస్తాయి. ఈ వయసులోనూ వస్తాయి. అప్పుడు కత్తెర పక్కన పెట్టి, లేచి నాలుగడుగులు వేసి వస్తాను. వచ్చి కూర్చుని, ఆమె చెప్పేది చివరిదాకా వింటాను.